మా వదిన ఇల్లు చూపించింది

మా వీధిలో ఇప్పుడెవరూ ఇంటికి ఎన్ని గదులని అడగరు. ఎన్ని మంచాలు పడతాయని అడుగుతారు. ఎదురింట్లో కాంపౌండరుగారి కుటుంబం ఉన్నప్పుడు అది మూడు గదుల ఇల్లు. ఇప్పుడది పద్నాలుగు మంచాల ఇల్లు. వంటగదిలో రెండు, వరండాకి రేకులు కొట్టి మూడు, ఆఖరికి మెట్ల కింద కూడా ఒకటి వేశారు. ఆ మెట్ల కింద పడుకునే కుర్రాడు ఒకరోజు ప్యాంటు జిప్పు మార్పించుకోవడానికి మా కిటికీ దగ్గరికి వచ్చి, "పైనుంచి ఎవరు దిగినా నాకు ఉరుములేనండీ, ఏడాది పొడుగునా వానాకాలమే" అన్నాడు. నవ్వాం. ఆ మంచానికి ఎంత కడుతున్నావని వదిన అడిగింది. అతను చెప్పాడు. కాంపౌండరుగారు ఇల్లు మొత్తానికి కట్టిన అద్దె కంటే అదే ఎక్కువ.

పిల్లల తప్పేం లేదు. ఒక కాలేజీ ఉన్నచోట ఐదు కాలేజీలయ్యాయి. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి కదా! వాళ్ళ అవసరం చూసి నోరూరించుకునే పెద్దమనుషులున్నారే, వాళ్ళ మీదే నా మంట. ఒక్కొక్క కుటుంబమే సామాను కట్టుకుని పోయింది. డ్రాయింగు మేష్టారు పోయారు. టైపు ఇన్‌స్టిట్యూటాయన పోయాడు. చివరికి వీధి మొత్తం మీద అద్దెకుంటున్న సంసారం మాదొక్కటే మిగిలింది. సంసారమంటే పెద్దగా ఏమీ లేదు, మా వదినా నేనూ.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. నాకు ఇల్లూ లేదు, పెళ్ళీ కాలేదు. కాబట్టి ఆ సామెత నా జోలికి రాదు. కాలేజీ ల్యాబులో గాజుసామాను కడిగే ఉద్యోగం నాది. మా అన్నయ్య ఉన్నప్పుడే నేను వాళ్ళింట్లో ఉండేదాన్ని. అన్నయ్య పోయాక వదిన పుట్టింటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు, నేను కూడా అనుకున్నాను. ఆవిడ లోపలి గదిలో ఉన్న కుట్టుమిషను ఈడ్చుకుంటూ తెచ్చి ముందుగది కిటికీ కింద వేసింది. "ఇక్కడ వెలుతురు బాగుంటుంది" అంది. అంతకు మించి ఏ నిర్ణయమూ చెప్పలేదు. నువ్వుండు అని నాతో అనలేదు, పొమ్మనీ అనలేదు. రెండు కప్పుల టీ పెట్టింది.

అప్పట్నుంచీ ఆ కిటికీయే మా వదిన దుకాణం. బోర్డు లేదు, తలుపు లేదు. పిల్లలు రోడ్డు మీంచే చినిగిన జేబూ ఊడిన గుండీ లోపలికి అందిస్తారు, సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ తీసుకుపోతారు. ల్యాబులో యాసిడ్ పడి తెల్లకోట్లకి చిల్లులు పడడం పగలంతా నేను చూస్తాను. సాయంత్రానికి అవే కోట్లు మా ఇంటికి వస్తాయి. చిల్లు ఎక్కడుందో వెతుక్కోవలసిన పని లేకుండా అతుకు వేస్తుంది వదిన. మనిషి పొట్టి. మాట మెత్తన. మిషను తొక్కుతూ మాట్లాడిందంటే మామూలుగా ఉన్నట్టు. మిషను ఆపి మాట్లాడిందంటే మాత్రం ఎదుటివాళ్ళు కాస్త జాగ్రత్తగా ఉండాలి.

పాత ఓనరుగారు బతికున్నన్నాళ్ళూ మాకు చీకూ చింతా లేదు. అద్దె పెంచాలంటే ఆయన ముందు తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పేవాడు, తర్వాత సరుకుల ధరలు, ఆ తర్వాత ఇంక మాటల్లేక కూర్చునేవాడు. వదినే ఒక అంకె చెప్పేది. ఆయన తలూపి లేచేవాడు. ఆయనకున్న పట్టింపు ఒక్కటే. ఇంట్లో కుటుంబసభ్యులు తప్ప బయటివాళ్ళెవరూ ఉండకూడదని అగ్రిమెంటులో రాయించి, అది మాకు చదివి వినిపించి మరీ సంతకం పెట్టించుకున్నాడు. ఉన్నది ఇద్దరం, ఇంక బయటివాళ్ళెక్కణ్ణుంచి వస్తారులే అని పెట్టేశాం.

ఆయన పోయాక ఇల్లు ఓనరబ్బాయి చేతికొచ్చింది. నలభై దాటినా, బట్టతల వచ్చినా మా నోటికి ఇంకా ఓనరబ్బాయే. చిన్నప్పుడు అతను ఏడాదికో జానెడు పెరిగేవాడు. ఎత్తు పెరిగినప్పుడల్లా నిక్కరు అంచు విప్పి పొడుగు చేసింది మా వదినే. ఆ చనువుతోనే కాబోలు, సరాసరి లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, మీ మేలు కోరి ఒక మాట చెప్తా" అన్నాడు.

నా మేలు కోరి చెప్పిన మాటతో ఇంతవరకూ నాకు మేలు జరగలేదు. నేను చీపురు పక్కన పెట్టి వినడం మొదలుపెట్టాను.

"ఇంత రోడ్డు మీద ఇల్లు మీకెందుకండీ? దుమ్ము, గోల. ఊరి చివర ప్రశాంతంగా ఒక పోర్షను చూసిపెట్టాను. మాకు తెలిసినవాళ్ళదే."

"ఊరి చివర జిప్పులెవరికి పోతాయి బాబూ?" అంది వదిన, మిషను తొక్కుతూనే.

"అది కాదండీ. ఉన్నది మీరిద్దరు. ఇక్కడ ఎనిమిది మంచాలు పడతాయి."

"పడితే నడవడానికి చోటెక్కడుంటుంది?"

"కుర్రాళ్ళేగా, సర్దుకుంటారు. ఆ ఎనిమిది మంచాల డబ్బు మీరివ్వగలిగితే చెప్పండి, మిమ్మల్నే ఉండనిస్తాను. ఇవ్వలేరని నాకూ తెలుసు, మీకూ తెలుసు. కాలేజీలు తెరిచేలోగా ఖాళీ చేసిపెట్టండి."

మిషను ఆగింది.

"చెయ్యను" అంది వదిన.

అతనే కాదు, నేనూ ఉలిక్కిపడ్డాను. చూద్దాం, ఆలోచిద్దాం, పెద్దవాళ్ళతో మాట్లాడదాం అంటూ నాన్చడం మాకు తెలిసిన పద్ధతి. ఇలా మొహం మీద ఒక్క మాటతో తలుపు వెయ్యడం మా ఇంటావంటా లేదు. ఆ కిటికీ పోతే ఆవిడకి పని పోతుంది. పని పోతే నా జీతంతో ఇద్దరం ఎక్కడా నిలబడలేం. అది తెలిసే అంది.

"అయితే నా పని నేను చేస్తా" అని లేచాడు ఓనరబ్బాయి. 'అండీ' కుర్చీలోనే వదిలేసిపోయాడు.

మర్నాడు మా గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతోంది.

మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. ఇల్లు ఖాళీ కాకముందే బోర్డు కడతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి అందులో ఉన్నవాళ్ళే చూపించాలి. ఎవరు పెట్టారో ఈ రివాజు, అందరూ దానికి తలొగ్గారు. కాంపౌండరుగారి భార్య అయితే కళ్ళు తుడుచుకుంటూనే, "ఇది వంటగదండీ, అరలు బాగుంటాయి" అని ఎంతమందికి చూపించిందో! వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇచ్చేది. అన్నం తింటుంటే వస్తారు, తల దువ్వుకుంటుంటే వస్తారు. మన పక్కబట్టల మీదుగా చూస్తూ గోడలు కొలుస్తారు. కొన్నాళ్ళకి విసుగెత్తి మనమే పోతాం. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

నేను బోర్డు పీకడానికి కుర్చీ తెచ్చుకున్నాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే. చూపించమన్నాడు కదా, చూపిద్దాం. ఉన్నదున్నట్టు, ఒక్కటీ దాచకుండా చూపిద్దాం."

మొదట వచ్చినవాళ్ళు ముగ్గురు కుర్రాళ్ళు. వదిన మిషను మీంచి లేచి వాళ్ళని గౌరవంగా లోపలికి తీసుకెళ్ళింది.

"ఈ గోడ మీద చెయ్యి పెట్టు నాయనా. ఎలా ఉంది?"

"చల్లగా హాయిగా ఉందండీ."

"అది చెమ్మ. వానలప్పుడు దీనికి ఆనించిన పుస్తకం తెరిస్తే అట్టకట్టుకుపోయి ఉంటుంది. ఆ పంపు తిప్పు. తొందరపడకు, ముందు గాలొస్తుంది, తర్వాత దగ్గొస్తుంది, ఆ తర్వాతే నీళ్ళు."

పంపు ఆవిడ చెప్పిన వరసలోనే అన్నీ చేసింది. కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అప్పుడు వదిన బట్టల మీద గీసుకునే సుద్ద తీసి, నేల మీద వరసగా ఎనిమిది మంచాలు గీసింది. గదులు రెంటిలోనూ కలిపి సరిగ్గా పట్టాయి, అడుగు పెట్టే చోటు మిగల్లేదు.

"పడుకోండి" అంది.

పడుకున్నారు. చెప్పింది చేసే పిల్లలు పాపం.

"ఇప్పుడు గోడవైపు ఉన్నవాడికి దాహం వేసింది. ఎవరినీ తొక్కకుండా వెళ్ళి నీళ్ళు తాగి రావాలి. ఏదీ, వెళ్ళు."

వాడు లేచి ఒంటికాలి మీద గెంతబోయి స్నేహితుడి పొట్ట మీద పడ్డాడు. ముగ్గురూ నేల మీద దొర్లి నవ్వారు. నవ్వడం అయ్యాక ఒకడు లేచి కూర్చుని, "మేం ఇప్పుడుంటున్నదీ ఇంతేనండీ, కాకపోతే ఎవరూ గీసి చూపించలేదు" అన్నాడు. ఆ మాట తర్వాత వదిన వాళ్ళకి టీ ఇచ్చి పంపింది.

ఆ గీతలు తుడవలేదు. రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు మరి. మేమిద్దరం ఆ ఎనిమిది మంచాల మధ్యే వండుకున్నాం, తిన్నాం. ఒకసారి వదిన బజారుకెళ్ళినప్పుడు వచ్చినవాళ్ళకి నేనే చూపించాను. ఉత్సాహం ఆపుకోలేక, పెరట్లో పాము తిరుగుతుందని కూడా ఒక ముక్క కలిపాను. వదినకి తెలిసి నన్ను చీవాట్లు పెట్టింది. "పాముందంటే రేపెవడో వచ్చి లేదని తేలుస్తాడు. అప్పుడు గోడ చెమ్మ కూడా అబద్ధమే అంటారు. ఉన్నవి చాలవా నీకు? కొత్తవి పుట్టిస్తున్నావు!" అంది. అబద్ధం ఆవిడ నోట్లో ఇమడదు. పక్కవీధి పెద్దావిడ జాకెట్టు బిగుతైందని వస్తే, బట్ట ముడుచుకుపోయిందనే మర్యాద కూడా తెలియదు. "మీరే లావయ్యారండీ" అంటుంది.

ఈ ఇల్లు చూపించడం ఎంత దూరం పోయిందంటే, ఇల్లు అక్కర్లేనివాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. ఆ చివరింట్లో గది చూశాం, మీరొక్కసారి వచ్చి అడుగుతారా అని బతిమాలేవాళ్ళు. వదిన వెళ్ళేది కాదు. "గోడ మీద చెయ్యి పెట్టు, పంపు తిప్పు, నేల మీద పడుకుని చూడు, ఆ తర్వాతే అద్దె అడుగు" అని పంపేది. అలా ఆ ఏడాది మా వీధిలో ఏ ఇంట్లో చూడు, పిల్లలు వచ్చీ రాగానే నేల మీద పడుకునేవారు. ఓనర్లు కంగారుపడిపోయారు.

అందరికంటే కడుపుమంట కమీషను బాబాయికి. ఇళ్ళ బేరాలు కుదిర్చే బ్రోకరు. ప్రతివాణ్ణీ ఏరా అబ్బాయి అంటాడు, ప్రతివాడి దగ్గరా నెల అద్దె లాగుతాడు. ఈసారి పిల్లల్ని తనే వెంటబెట్టుకొచ్చాడు. వదిన నోరు తెరిచే లోపలే, "గాలి, వెలుతురు, కాలేజీకి రెండడుగులు" అని గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. వదిన అంతా విని, "పిల్లలు సన్నంగా ఉన్నారు, వాళ్ళకి ఎలాగైనా పడుతుంది. మీలాంటి పెద్దమనిషికి పడితే కదా నమ్మకం. ఒకసారి పడుకోండి" అంది. అతను కాదనలేకపోయాడు, పిల్లలు చూస్తున్నారు. సుద్దగీతల మధ్య వెల్లకిలా పడుకున్నాడు. పొట్ట ఒక మంచం, మోచెయ్యి ఇంకో మంచం ఆక్రమించాయి. "చూశారా, బాబాయిగారు ఒక్కరే రెండున్నర అద్దెలు కట్టాలి" అంది వదిన. ఆయన్ని లేపడానికి ఇద్దరు కుర్రాళ్ళు చెరో చెయ్యీ అందించాల్సి వచ్చింది.

అంతా బాగానే ఉంది, గెలిచేశాం అనుకున్నాం. అప్పుడు వచ్చారు ఆ ఆడపిల్లలిద్దరూ. ఒకమ్మాయి పొడుగు, గుమ్మంలో తల వంచి వచ్చింది. రెండో అమ్మాయి కళ్ళద్దాల పిల్ల, ముక్కు మీంచి జారే అద్దాల్ని ఎగదోసుకుంటూ ఉంటుంది. వదిన మామూలుగానే మొదలుపెట్టింది. పొడుగమ్మాయి గోడ మీద చెయ్యి పెట్టి చూసింది, పంపు దగ్గు వింది, గీతల మధ్య పడుకుంది. నవ్వలేదు. పడుకునే తల పక్కకి తిప్పి మిషను వైపు చూసింది.

"ఆంటీ, ఆ కిటికీ తెరుచుకుంటుందా?"

"తెరిచే ఉంది కదమ్మా."

"అంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకోవచ్చా?"

"కిటికీ ఉన్నది ఎందుకు మరి?"

"మా గదికి కిటికీ లేదాంటీ. స్టోరురూముని రెండు చేసి ఇచ్చారు. తెల్లారిందో లేదో ఫోను చూసి తెలుసుకుంటాం" అంది. లేచి లంగా దులుపుకుని, "మాకిది చాలు. గోడ చెమ్మైనా పర్లేదు. ఇంకో ఆరుగురున్నారు, అందరం కలిసి తీసుకుంటాం" అంది.

వదిన సుద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ మా ఇంటి లోపాలన్నీ ఏకరువు పెడుతూ పెడుతూ, వీధి మొత్తం మీద మంచి ఇల్లు ఇదేనన్న సంగతి మేమే మర్చిపోయాం. పిల్లలు వెళ్ళాక కూడా ఆవిడ మిషను దగ్గరికి పోలేదు. "కిటికీ లేని గదికి అద్దె అడగడానికి నోరెలా వచ్చిందే వాళ్ళకి?" అని అదే మాట నన్ను మళ్ళీ మళ్ళీ అడిగింది. తన ఇల్లు పోతుందన్న దిగులు కంటే ఆ కోపమే ఎక్కువగా ఉందావిడకి.

ఓనరబ్బాయికి రొట్టె విరిగి నేతిలో పడింది. ఎనిమిది మంచాలకీ అడ్వాన్సు పుచ్చుకుని, మా గుమ్మంలోకొచ్చి మరీ చెప్పాడు. "ఇల్లు భలే చూపించారటగా అత్తయ్యగారూ, థాంక్స్!" అన్నాడు. నేను లోపలికి పోయి ఏడ్చాను. వదిన ఏడవలేదు. "వాడితో కాదు, వచ్చేవాళ్ళతోనే మాట్లాడతాను. నేనైతే కదలను" అంది.

ఆ ఎనిమిదిమందిలో ఇద్దరు అనుకున్నదానికంటే ముందే వచ్చారు. పొడుగమ్మాయీ కళ్ళద్దాల పిల్లా బండిలోంచి పెట్టెలు దించుకుని నవ్వుతూ నిలబడ్డారు.

"ముందు మీ సామాను సర్దుదామాంటీ. బరువులు మేం మోస్తాం. మీ కొత్తిల్లు కూడా చూసినట్టుంటుంది" అంది పొడుగమ్మాయి.

"ఏ కొత్తిల్లమ్మా?"

"ఓనరుగారు చెప్పారుగా, మీరు సొంతిల్లు కట్టుకుని వెళ్ళిపోతున్నారని!"

వదిన నా వైపు తిరిగింది. "విన్నావటే? మనకి సొంతిల్లుందట. ఎక్కడుందో కనుక్కో, ఒకసారి చూసొద్దాం" అంది. ఆ పిల్ల మొహంలో రంగు మారిపోయింది. అక్కడే నిలబడి ఓనరబ్బాయికి ఫోను చేసింది. ఇచ్చిన అడ్వాన్సు వెనక్కిచ్చేది లేదన్నాడు. ఆవిడ నాలుగు రోజుల్లో పోతుంది, ఓపిక పట్టమన్నాడు. పాత గదిలో అప్పటికే వేరేవాళ్ళు దిగిపోయారు. ఇద్దరూ మళ్ళీ పెట్టెలు ఎత్తుకున్నారు.

"ఎక్కడికి?" అంది వదిన.

"తెలీదాంటీ. మిమ్మల్ని వెళ్ళగొట్టి మేం ఉండలేం."

"ఎక్కడికో తెలీకుండా పెట్టెలెలా మోస్తారు? లోపల పెట్టండి."

నేను వదినని వంటగదిలోకి లాక్కెళ్ళాను. "వాళ్ళు మనకేమవుతారు వదినా? కుటుంబసభ్యులు తప్ప ఎవరూ ఉండకూడదని కాగితంలో ఉంది. ఈ ఒక్క సాకు కోసమే వాడు కాచుక్కూర్చున్నాడు!"

"నాకూ గుర్తుంది."

"గుర్తుండే రమ్మన్నావా?"

"ఆ పిల్లల్ని రోడ్డు మీద నిలబెట్టి ఈ ఇల్లు కాపాడుకుంటే, ఆ తర్వాత ఇందులో నాకు కూడు సహిస్తుందా? నువ్వు చెప్పు."

ఒళ్ళు మండిపోయింది, ఆవిడ చెప్పింది నిజమైనందుకు.

కమీషను బాబాయి కళ్ళు ఊరికే ఉంటాయా! ఆదివారం పొద్దున్నే ఓనరబ్బాయి దిగాడు. పక్కన బాబాయి, వెనకాల సాక్షులుగా ఇద్దరు. అందులో ఒకాయన అతని సొంత పెదనాన్న. వీధిలో అన్ని బాల్కనీల్లోనూ పిల్లలు, నోట్లో బ్రష్షులతో నిలబడి చూస్తున్నారు.

"ఏమండీ, బయటికి రండి" అన్నాడు. అత్తయ్య పోయి ఏమండీ వచ్చింది. "వీళ్ళెవరు?"

వదిన గుమ్మంలోకి వెళ్ళింది. ఆవిడ వెనక పిల్లలిద్దరూ.

"వీళ్ళు..." అంది.

"అదే, వీళ్ళు మీకేమవుతారు? చెప్పండి, పెద్దలు వింటున్నారు. కుటుంబసభ్యులేనా?"

వదిన నోరు తెరిచింది, మూసింది. లావయ్యారని పక్కవీధి ఆవిడతో అనగలిగిన నోరు అది. ఒక చిన్న అబద్ధం చెప్పమంటే పెగల్లేదు. ఆవిడ చెవులు ఎర్రబడడం నాకు వెనకనుంచి కనిపిస్తోంది. ఓనరబ్బాయి సాక్షుల వైపు తిరిగి, "చూశారుగా, బయటివాళ్ళే. అగ్రిమెంటు ఆవిడే తప్పింది. ఇంక ఒక్కరోజు కూడా ఉండడానికి వీల్లేదు" అన్నాడు. అన్నాక నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను.

నా సంగతి ఒకటి చెప్పాలి. పెళ్ళెందుకు కాలేదని నన్ను అడగనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ల్యాబులో అడుగుతారు, బస్సులో అడుగుతారు. నా వెనకాల ఏవేవో అనుకుంటారని కూడా తెలుసు. ఆ మాట వచ్చినప్పుడల్లా కుక్కిన పేనులా తల దించుకుని పక్కకి పోవడమే నాకు చేతనైన పని. ఎవరితోనూ ఒక్కసారి కూడా ఎదురు తిరిగి మాట్లాడలేదు. ఆ ఆదివారం మాత్రం వదినని పక్కకి జరిపి మెట్టు దిగాను.

"నా కూతుళ్ళు" అన్నాను.

"ఎవరు?"

"వీళ్ళిద్దరూ. నా కూతుళ్ళు. ఈవిడ వీళ్ళ మేనమామ భార్య. ఇంతకంటే దగ్గరి చుట్టరికం నీకు తెలుసా?"

బాల్కనీల్లో బ్రష్షులు ఆగిపోయాయి.

"మీకు... మీకు పెళ్ళే కాలేదుగా!" అన్నాడు ఓనరబ్బాయి, వీధంతా వినేలా.

"కాలేదు."

"మరి?"

"మరి ఏంటి? అడుగు. వీళ్ళెలా పుట్టారని అడగాలనుందా? నీ నిక్కర్లు పొడుగు చేసిన ఇంటి ముందు నిలబడి, ఇంతమందిలో అడుగు. సాక్షుల్ని కూడా తెచ్చుకున్నావుగా, వాళ్ళ చేత కూడా అడిగించు. అందరికీ ఒకేసారి చెప్తాను."

అతను సాక్షుల వైపు తిరిగాడు. కమీషను బాబాయి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పెదనాన్నగారు తల పట్టుకుని, "ఒరేయ్, ఆడవాళ్ళని నడివీధిలో ఇలాంటివి అడగడానికా నన్ను తీసుకొచ్చింది? నడువు" అన్నాడు.

"అబద్ధం పెదనాన్నా! అంతా అబద్ధం!"

"అయితే కోర్టులో వెయ్యి" అన్నాను. "జడ్జిగారు అడిగినా ఇదే చెప్తాను. కాదని రుజువు చెయ్యాల్సింది నువ్వు."

అప్పుడు పొడుగమ్మాయి మెట్టు దిగి నా పక్కకొచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, ఎండ తగుల్తోంది, లోపలికి రావే" అంది. ఎంత విసుగ్గా, ఎంత మామూలుగా అందంటే, ఒక్క క్షణం నాకే అది నిజమనిపించింది. కళ్ళద్దాల పిల్ల మొహం గోడవైపు తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. లాయరు నోటీసు పంపుతానని గేటు దగ్గర ఆగి అరిచాడు, పంపాడు కూడా. వాయిదాలు నడుస్తున్నాయి. అద్దె నెల తప్పకుండా అతని బ్యాంకులో వేస్తున్నాం. ముందుగది మాది, లోపలి గది పిల్లలది, కిటికీ అందరిదీ. మిగతా ఆరుగురూ వేరేచోట గదులు చూసుకున్నారు. వాళ్ళందరి అడ్వాన్సు మాత్రం ఇంకా రాలేదు. పొడుగమ్మాయి రోజూ కాలేజీకి వెళ్తూ ఓనరబ్బాయి ఇంటి ముందు ఆగి, వీధి వినేలా అడిగి మరీ వెళ్తుంది. అది కచ్చితంగా నా పెంపకమే.

ఆ ఆదివారం తలుపు వేసుకున్నాక వదిన నా ఎదురుగా కూర్చుంది. అన్నయ్య పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి ఏడ్చింది. "నా కిటికీ కోసం నీ పేరు పోగొట్టుకున్నావు కదే. రేపట్నుంచి ల్యాబులో నీకు తలెత్తుకునే దారి ఉంటుందా?" అంది. అప్పటికి గానీ నాకూ భయం వెయ్యలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరం అన్నం ముట్టలేదు.

మర్నాడు ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతుంటే ఆఫీసు గుమాస్తా వచ్చి సింకు పక్కన నిలబడ్డాడు. వీధి కబురు కాలేజీకి రావడానికి ఎంతసేపు! అతని వెనకాల ఇంకో ఇద్దరు చెవులు రిక్కించి ఉన్నారు.

"మీకు కూతుళ్ళున్నారటగా?" అన్నాడు, ఇకిలిస్తూ.

చేతులు తుడుచుకుని అతని కళ్ళలోకి చూశాను.

"ఇద్దరు. పెద్దదానికి కెమిస్ట్రీలో మార్కులు సరిగ్గా రావట్లేదు. మంచి మేష్టారెవరైనా ఉంటే చెప్పండి" అన్నాను.